మీ వీధికి ఏ ఉద్యోగం పేరుంది?

ఫోన్‌లో మ్యాప్ తెరిచి హైదరాబాద్‌ని కాస్త జూమ్ చేయండి. యూసుఫ్‌గూడలో ఏజీ కాలనీ. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర పీ అండ్ టీ కాలనీ. నాచారంలో హెచ్ఎంటీ నగర్. వనస్థలిపురంలో ఎన్జీవోస్ కాలనీ. గచ్చిబౌలిలో టెలికాం నగర్. ఎల్ఐసీ కాలనీలు, బ్యాంక్ కాలనీలు, టీచర్స్ కాలనీలైతే లెక్కే లేదు. విశాఖకి జరగండి. అక్కయ్యపాలెంలో ఎన్జీజీవోస్ కాలనీ, అటు చివర ఉక్కునగరం.

ఇవన్నీ ఉద్యోగాల పేర్లు. ఒకప్పుడు ఆ ఉద్యోగం చేసినవాళ్లు నలుగురు కలిసి సొసైటీ పెట్టుకున్నారు, ఊరి చివర స్థలం కొన్నారు, లోన్ పెట్టి రెండు గదులు వేసుకున్నారు. ఆఫీసర్లే కాదు, గుమస్తాలు, ఫిట్టర్లు, పోస్ట్‌మాస్టర్లు, బడిపంతుళ్లు కూడా. 1960ల్లో హైదరాబాద్‌కి వచ్చిన ఐడీపీఎల్, బీహెచ్ఈఎల్, హెచ్ఎంటీ, ఈసీఐఎల్ లాంటి ఫ్యాక్టరీల్లో ఐటీఐ చదివిన కుర్రాడికి కూడా క్వార్టర్, పీఎఫ్, ఈఎస్ఐ, పిల్లలకి బడి దొరికేవి. మన తెలుగు మధ్యతరగతిలో చాలా భాగం అలా తయారైందే. ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ మొదటి బ్యాచ్‌లకి ఫీజులు కట్టింది కూడా చాలావరకు ఆ ఇళ్లే.

ఇప్పుడు మ్యాప్‌ని కొల్లూరు, తెల్లాపూర్ వైపు తిప్పండి. హైట్స్, గ్రీన్స్, మెడోస్, ప్యారడైజ్. ఒక్కదానికైనా ఉద్యోగం పేరుందా? 'డెలివరీ బాయ్స్ కాలనీ' అనో 'కాల్ సెంటర్ నగర్' అనో ఊహించుకోండి. నవ్వొచ్చింది కదా? వాళ్లు సొసైటీ పెట్టుకుని హైదరాబాద్‌లో స్థలం కొంటారన్న ఊహే మనకి జోక్ లాగా వినిపిస్తోంది. యాభై ఏళ్ల కింద పోస్టల్ గుమస్తా ఇల్లు కట్టుకోవడం జోక్ కాదు. ఈ వారం కబురంతా ఆ తేడా గురించే.

అందరూ మిడిల్ క్లాసే!

మధ్యతరగతి తగ్గిపోతోందని అనుకునే ముందు అసలు అదెవరో తేల్చాలి. అక్కడే తంటా. నలభై లక్షల ప్యాకేజీ మేనేజర్ 'మనం మిడిల్ క్లాస్ కదా బ్రో' అంటాడు. ఆయన ఫ్లాట్‌లో వంట చేసే అక్క కూడా 'మాలాంటి మధ్యతరగతోళ్లకి ఎన్ని కష్టాలో' అంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. ఇద్దరికీ పైన ఎవరో కనిపిస్తున్నారు, కింద ఎవరో కనిపిస్తున్నారు. మధ్యలో ఉన్నామనుకోడానికి అంతకంటే ఏం కావాలి?

ప్రభుత్వాన్ని అడిగినా ఒక్క మాట మీద ఉండదు. తెలంగాణలో పట్నంలో ఉండే కుటుంబానికి రేషన్ కార్డు కావాలంటే ఏడాది ఆదాయం 2 లక్షలు దాటకూడదు. ఈడబ్ల్యూఎస్ కోటాకి 8 లక్షల లోపు ఉంటే చాలు. ఆదాయపు పన్ను దగ్గరికొస్తే 2025 బడ్జెట్ తర్వాత కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్నే లేదు. అంటే నెలకి 18 వేలు వచ్చే ఇల్లు రేషన్ షాపు లెక్కలో ఉన్నవాళ్లది, నెలకి 60 వేలు వచ్చే ఇల్లు కోటా లెక్కలో లేనివాళ్లది. ఆస్తుల షరతులు వేరే ఉన్నాయనుకోండి. అయినా ఈ రెండు గీతలూ ఒకే దేశంలో ఒకే సమయంలో నడుస్తున్నాయి.

ప్రైస్ అనే పరిశోధన సంస్థ ఇంకో గీత గీసింది. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల నుంచి 30 లక్షల మధ్య ఉంటే మధ్యతరగతి. ఆ లెక్కన 2020-21లో దేశంలో 31 శాతం మంది మిడిల్ క్లాస్. పేరుకే మధ్య, నిజానికి దేశంలో పై మూడో వంతన్నమాట.

సగటు అనే మాయ

నా ఉద్యోగంలో ఒక అలవాటుంది. సర్వర్ ఎలా నడుస్తోందో చూడ్డానికి సగటుని నమ్మం. వంద రిక్వెస్టుల్లో తొంభై తొమ్మిది చిటికెలో అయిపోయి ఒక్కటి నిమిషం పాటు వేలాడితే, సగటు మొత్తం పాడవుతుంది. అప్పుడా సగటు ఆ తొంభై తొమ్మిదిదీ కాదు, ఆ ఒక్కదానిదీ కాదు, ఎవరిదీ కాని నంబర్. అందుకే అందరినీ వరుసలో నిలబెట్టి సరిగ్గా నడిమధ్యన ఉన్నదాని సంగతి ఒకటి, చివర ఉన్నదాని సంగతి ఒకటి విడివిడిగా చూస్తాం.

ఆదాయాలకీ ఇదే చూపు కావాలి. తెలంగాణ తలసరి ఆదాయం 2024-25లో సుమారు 3 లక్షల 80 వేలు. అంటే నలుగురున్న ఇంటికి ఏడాదికి 15 లక్షల పైమాట. మీ వీధిలో ఎన్ని ఇళ్లకి అంత వస్తోందో లెక్కపెట్టండి. ఆ నంబర్‌లో కంపెనీల లాభాలు కూడా కలుస్తాయి కాబట్టి అది ఎవరి జేబులో డబ్బు ఎంతో చెప్పదు. పైగా ఆ ఆదాయం ఒకే చోట పోగుపడి ఉంది. గచ్చిబౌలి, మాదాపూర్ ఉన్న రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయంలో రాష్ట్రంలోనే మొదటి స్థానం. 2016 దాకా అదే జిల్లాలో ఉండి తర్వాత విడిపోయిన వికారాబాద్ అట్టడుగు వరుసలో ఉండే జిల్లాల్లో ఒకటి. రెండూ పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఉన్నది మాత్రం కొన్ని రెట్ల తేడా.

దేశం మొత్తానికి ఈ పని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ చేసింది. థామస్ పికెట్టీ, మరో ముగ్గురు ఆర్థికవేత్తలు కలిసి 2024 మార్చిలో ఇండియా మీద పేపర్ వేశారు. అందులో లెక్కలివి. 2022-23లో పెద్దవాళ్ల సగటు ఆదాయం ఏడాదికి 2 లక్షల 35 వేల దాకా. కానీ ఆ 'సగటు' మనిషి కావాలంటే వరుసలో దాదాపు తొంభయ్యో స్థానంలో ఉండాలి. వందలో తొంభై మంది సగటుకి కిందే! కింది సగాన్ని, పై పది శాతాన్ని పక్కన పెడితే మిగిలే మధ్య నలభై శాతం సగటు ఏడాదికి 1 లక్షా 65 వేల దాకా. నెలకి 14 వేలు కూడా కాదు. నిజమైన మధ్యతరగతి అంటే వాళ్లు.

ఇప్పుడు అసలు విచిత్రం వినండి. 3.5 లక్షల ప్యాకేజీతో చేరిన బీటెక్ ఫ్రెషర్ ఆ లెక్క ప్రకారం దేశంలో పై పది శాతంలోకి వస్తాడు. అదే కుర్రాడు మాదాపూర్‌లో హాస్టల్‌లో ముగ్గురుండే రూమ్‌లో మూడో మంచం మీద పడుకుంటాడు, నెలాఖరుకి రూమ్మేట్ దగ్గర ఐదొందలు బదులడుగుతాడు. పది మందిలో తొమ్మిది మంది కంటే ముందున్నవాడికే సొంతంగా ఒక గది లేకపోతే, వాడి వెనకున్న తొమ్మిది మంది సంగతేంటి?

పెరుగుతోందా, తగ్గుతోందా?

రెండు వైపులా నిజం ఉంది. ఒక్కొక్కటీ చూద్దాం.

5 నుంచి 30 లక్షల గీత ప్రకారం తలలు లెక్కపెడితే మధ్యతరగతి పెరుగుతూనే ఉంది. కడు పేదరికం బాగా తగ్గిందని ప్రపంచ బ్యాంకు కూడా చెప్తోంది. ఇది చిన్న విషయం కాదు, కొట్టిపారేయకూడదు. మధ్యలో కరోనా దెబ్బ పడింది. ప్యూ రీసెర్చ్ అంచనా ప్రకారం 2020లో ఇండియాలో మధ్య ఆదాయ వర్గం నుంచి 3 కోట్ల 20 లక్షల మంది జారిపోయారు. వాళ్ల గీత వేరు. రోజుకి తలకి 10 నుంచి 20 డాలర్లు. తర్వాత ఆర్థిక వ్యవస్థ లేచి నిలబడింది.

తలలు కాకుండా వాటా లెక్కపెడితే కథ మారిపోతుంది. అదే 2024 పేపర్ ప్రకారం 1980ల మొదట్లో దేశ ఆదాయంలో పై పది శాతం మంది వాటా 30 శాతం దగ్గరుండేది. 2022-23కి 57.7 శాతం అయింది. మధ్య నలభై శాతానికి మిగిలింది 27.3. పై ఒక్క శాతం చేతిలోనే ఆదాయంలో 22.6 శాతం, ఆస్తుల్లో 40.1 శాతం. భోజనానికి వచ్చినవాళ్లు పెరిగారు, వంట కూడా పెరిగింది, కానీ మధ్య వరుసలోకి వచ్చేసరికి గిన్నె అడుగంటుతోంది.

షాపుల వాళ్లకి ఇది ముందే తెలిసింది. 2024 అక్టోబర్‌లో నెస్లే ఇండియా అధిపతిగా ఉన్న సురేశ్ నారాయణన్, తమలాంటి కంపెనీలు నమ్ముకున్న మధ్య వర్గమే కుంచించుకుపోతున్నట్టుందని బయటికే చెప్పారు. ఖరీదైన సరుకు బాగానే పోతోంది. ఇబ్బందంతా మధ్యలోనే. లక్షల ఇళ్లకి మొదటి కారైన ఆల్టో 800 తయారీ 2023లో ఆగిపోయింది. పెద్ద ఎస్‌యూవీలకి మాత్రం నెలల తరబడి వెయిటింగ్ నడిచింది.

చవకైనవేవి, పిరమైనవేవి?

'అబ్బా, ఇప్పుడు అందరి చేతిలో ఫోన్లున్నాయి, అందరూ జీన్స్ వేస్తున్నారు, ఇంక పేదరికం ఎక్కడిది?' అనే మామయ్య ప్రతి పెళ్లిలోనూ ఒకరుంటారు. ఆయనకి జవాబు ఇది.

మన చుట్టూ రెండు రకాల వస్తువులున్నాయి. కనిపించేవి, నిలబెట్టేవి. ఫోన్, టీవీ, బట్టలు, డేటా కనిపించేవి. ఇవి చవకయ్యాయి. 2016 సెప్టెంబర్‌లో జియో రాక ముందు ఒక జీబీ డేటాకి రెండొందల పైన పెట్టిన రోజులు చాలామందికి గుర్తే. ఇప్పుడు అంతకంటే ఎక్కువ ఒక్క రోజులో రీల్స్‌కి పోతోంది. ఇల్లు, బడి, ఆసుపత్రి నిలబెట్టేవి. ఇవి పిరమయ్యాయి. కనిపించేవి చవకైతే బయటికి అందరం ఒకేలా కనిపిస్తాం. నిలబెట్టేవి పిరమైతే ఒక్క దెబ్బకి ఎవరు పడతారో, ఎవరు పడరో తేలిపోతుంది.

ఇల్లే తీసుకుందాం. రియల్ ఎస్టేట్ సంస్థ అనరాక్ లెక్క ప్రకారం 2019లో దేశంలోని ఏడు పెద్ద నగరాల్లో అమ్ముడైన ఇళ్లలో 40 లక్షల లోపువి 38 శాతం దాకా ఉండేవి. 2024కి అవి 20 శాతం లోపుకి పడిపోయాయి. కట్టేవాళ్లకి కోటి రూపాయల ఫ్లాట్ మీద మిగులు ఎక్కువ. భూమి ధర ఆకాశంలో ఉన్నప్పుడు చిన్న ఇల్లు ఎవరు కడతారు?

ఒక లెక్క వేద్దాం. హైదరాబాద్ శివార్లలో 70 లక్షల ఫ్లాట్. 14 లక్షలు చేతి నుంచి కట్టాలి. మిగతా 56 లక్షలు 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల లోన్. నెలకి ఈఎంఐ సుమారు 48,600. మొత్తం తీరేసరికి కట్టేది 1 కోటీ 16 లక్షల పైన. 2023-24 కార్మిక సర్వే ప్రకారం దేశంలో నెల జీతం వచ్చే ఉద్యోగి సగటు సంపాదన 20 వేల చిల్లర. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఆ సగటు జీతాలు తెచ్చి, తిండి మానేసి, మొత్తం బ్యాంకుకే ఇచ్చినా ఈఎంఐకి చాలదు.

అసలు నెల జీతం అన్నదే తగ్గుతోంది. అదే సర్వే ప్రకారం 2017-18లో పనిచేసేవాళ్లలో రెగ్యులర్ జీతగాళ్లు 22.8 శాతం ఉంటే 2023-24కి 21.7 శాతమయ్యారు. సొంతంగా ఏదో ఒకటి చేసుకునేవాళ్లు 52 నుంచి 58 శాతానికి పెరిగారు. అందులో స్టార్టప్ పెట్టినవాళ్లు ఎంతమంది? ఎక్కువమంది సొంత పొలంలోనో, ఇంటి కొట్టులోనో పనిచేసేవాళ్లే.

మన ఐటీ సంగతీ చెప్పుకోవాలి. 2012 ప్రాంతంలో పెద్ద కంపెనీలు క్యాంపస్‌లో ఇచ్చిన ఆఫర్ మూడు, మూడుంపావు లక్షలు. ఇప్పటికీ మామూలు ఆఫర్ మూడున్నర చుట్టూనే తిరుగుతోంది. ఈలోపు ధరలు? ప్రభుత్వ ధరల సూచీ 2012ని 100 అనుకుంటే 2025లో 190 దాటింది. అంటే అప్పటి మూడుంపావుకి సమానం కావాలంటే ఇప్పుడు ఆరు లక్షల పైన ఇవ్వాలి. జీతం అలాగే ఉందనుకుంటున్నాం కానీ, నిజానికి అది సగానికి దగ్గరైంది. ఆ పైమెట్లూ గట్టిగా లేవు. 2025 జులైలో టీసీఎస్ 12 వేల మంది దాకా తీసేస్తామని ప్రకటించినప్పుడు అందులో ఎక్కువమంది మధ్య, సీనియర్ స్థాయి వాళ్లే అని చెప్పింది. అంటే సరిగ్గా ఈఎంఐలు నడుస్తున్న వయసు వాళ్లు.

మరి ఇళ్లెలా నడుస్తున్నాయి? పొదుపు తగ్గించి, అప్పు పెంచి. రిజర్వ్ బ్యాంక్ లెక్కల్లో అప్పులు పోగా ఇళ్ల ఆర్థిక పొదుపు 2020-21లో జీడీపీలో 11 శాతం పైనుండేది. కరోనాలో ఖర్చు పెట్టే దారి లేక అది కాస్త ఎక్కువే ఉందనుకున్నా, 2022-23కి 5 శాతం దగ్గరికి వచ్చింది. కొన్ని దశాబ్దాల్లో అంత తక్కువ లేదు. జనం ఇళ్లకీ వాహనాలకీ లోన్లు తీసుకుంటున్నారు, అది మంచి సూచనే అని ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది. కొంత నిజమే. కానీ ఇల్లు కట్టడానికి తెచ్చిన అప్పు వేరు, ఆసుపత్రి బిల్లుకి అమ్మ గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు వేరు. లెక్కల పుస్తకంలో రెండూ 'అప్పు' అనే ఒక్క గడిలోనే పడతాయి.

సమానత్వంలో నాలుగో స్థానమా?

2025 జులైలో మీ ఫ్యామిలీ గ్రూప్‌లోకి కూడా ఆ ఫార్వర్డ్ వచ్చే ఉంటుంది. ప్రపంచంలో అత్యంత సమానత్వమున్న దేశాల్లో ఇండియాది నాలుగో స్థానం అని. అది గాలి కబురు కాదు, ప్రభుత్వమే చెప్పింది. ప్రపంచ బ్యాంకు నంబర్ నుంచే తీసుకుంది. జినీ సూచీ 25.5. ఈ సూచీ ఎంత తక్కువైతే అంత సమానం.

చిక్కెక్కడంటే, ఆ 25.5 ఖర్చుల మీద వేసింది. చాలా దేశాలకి వేసేది ఆదాయాల మీద. కోటీశ్వరుడు మనకంటే వెయ్యి రెట్లు సంపాదించొచ్చు, వెయ్యి రెట్లు అన్నం తినలేడు. కాబట్టి ఖర్చు చూస్తే తేడా ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది. పైగా సర్వే వాళ్లు జూబ్లీహిల్స్ గేటు దాటి లోపలికెళ్లి, నెలకెంత ఖర్చు పెడతారు సార్ అని అడిగి నిజం రాసుకోవడం అంత తేలిక కాదు. అదే ప్రపంచ బ్యాంకు పత్రం తేడాలు తక్కువగా అంచనా పడి ఉండొచ్చని కూడా రాసింది. ఆదాయం మీద వేసిన ఇంకో లెక్కలో జినీ 2004లో 52 నుంచి 2023లో 62కి పెరిగిందనీ రాసింది. ఫార్వర్డ్‌లో మొదటి ముక్క వచ్చింది, రెండో ముక్క రాలేదు.

కింద చూసి తిట్టడం, పైన చూసి ఫాలో కావడం

ఇన్ని నంబర్ల తర్వాత నాకు నిజంగా బెంగ పెట్టే విషయం వేరే ఉంది. ఇరుకులో పడ్డ మధ్యతరగతి కోపం ఎటు పోతోందన్నది.

'మన ట్యాక్సులతో వాళ్లకి ఉచిత బస్సులు' అనే మాట ఆఫీస్ క్యాంటీన్‌లో రోజూ వినిపిస్తుంది. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో, 2025 ఆగస్టులో ఆంధ్రలో ఆడవాళ్లకి బస్సు ప్రయాణం ఉచితమైంది. ఆ పథకాల్లో లోటుపాట్లుంటే తప్పకుండా అడగాలి. కానీ మన క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే అక్కకి నెలకి మిగిలిన వెయ్యి రూపాయల వల్ల మన ఫ్లాట్ ధర పెరగలేదు. మన స్కూల్ ఫీజు పెరగలేదు. ధర పెరిగింది, ఉండటానికి కాకుండా దాచుకోవడానికి మూడో ఫ్లాట్, నాలుగో ఫ్లాట్ కొనేవాళ్ల వల్ల. ఫీజు పెరిగింది, బడిని సర్కారు వదిలేస్తే అది వ్యాపారమైనందువల్ల. మనం మాత్రం కిందున్నవాళ్లని చూసి తిడతాం, పైనున్నవాళ్లని ఇన్‌స్టాలో ఫాలో అవుతాం.

పన్ను తగ్గింపు సంగతీ అంతే. 12 లక్షల దాకా పన్ను లేదన్న రోజు మన గ్రూపుల్లో పండగే. జీతగాళ్లకి అది నిజంగా ఊరట, కాదనను. కానీ అంతకుముందే కొత్త విధానంలో 7 లక్షల దాకా పన్ను లేదు. కాబట్టి నెలకి 20 వేలు, 30 వేలు వచ్చే ఇంటికి ఆ మార్పు వల్ల ఒక్క రూపాయి కలిసి రాలేదు. ఆ ఇంటికి కావాల్సింది పన్ను మినహాయింపు కాదు. ఎల్‌కేజీకి లక్ష అడగని బడి, బిల్లు చూసి గుండె ఆగని ఆసుపత్రి, ఊరి బయటి చవక ఇంటి నుంచి పని దగ్గరికి వేళకి చేర్చే బస్సు. ఇవి ఉంటే 20 వేల జీతం కూడా 35 వేల జీతంలా పనిచేస్తుంది. ఏజీ కాలనీ, పీ అండ్ టీ కాలనీ తరానికి జీతాలు గొప్పగా లేవు. ఈ మూడూ అందుబాటులో ఉన్నాయి, అంతే.

ఒక చిన్న పరీక్ష

మీరు మిడిల్ క్లాసో కాదో తెలుసుకోడానికి ఏ సంస్థ గీతా అక్కర్లేదు. రేపటి నుంచి జీతం ఆగిపోతే, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా, బంగారం తాకట్టు పెట్టకుండా ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది? ఆ నంబరే మీ తరగతి. రెండేళ్లు అయితే మీరు ఇబ్బంది లేనివాళ్లు. ఆరు నెలలైతే మధ్యతరగతి. ఒక నెలైతే మీ ప్యాకేజీ ఎంతైనా, చేతిలో ఏ ఫోనున్నా, మీరు అంచు మీదున్నారు.

ఈ నంబర్‌ని కాస్త పెంచుకోవడం మన చేతిలోనే ఉంది. కొత్త ఫోన్ ఈఎంఐ కంటే ముందు అమ్మానాన్నల హెల్త్ పాలసీ. 2025 సెప్టెంబర్ నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా తీసేశారు. కానీ మన పొదుపుతోనే అంతా సరిపోదు. ఒక్కొక్కరం ఎంత జాగ్రత్తగా ఉన్నా భూమి ధర మన మాట వినదు. అందుకే ఈసారి ఓటడగడానికి వచ్చినవాళ్లని, కార్పొరేటర్ నుంచి ఎంపీ దాకా, ఒక్కటే అడుగుదాం. మా ఊళ్లో నెలకి 30 వేలు వచ్చే మనిషి ఇల్లు కొనుక్కోగలిగే చోటు మ్యాప్‌లో ఎక్కడుంది, చూపించండి అని.

సమాధానం చెప్పలేకపోతే కనీసం నీళ్లు నమలడం చూడొచ్చు. మీ ఇంటి నంబర్ ఎన్ని నెలలో రాత్రికి లెక్కేసి చూడండి. వచ్చే వారం కలుద్దాం.